నీళ్ల మీద పీట

మార్గశిర మాసపు ఆ ఉదయానికి లక్ష్ముడు పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. చిరిగిన వల బాగుచేసుకోవాలి, చోడి అంబలి తాగాలి, ఎండెక్కేలోగా అల్లుణ్ణి ఒట్టి చేతులతో ఊరు దాటించాలి. మొదటి రెండూ రోజూ ఉండేవే. మూడోది మాత్రం రేపు రేపంటూ వాయిదా పడుతూ వచ్చింది. అతని భార్య అసిరమ్మ అల్లుడికి రోజుకో కొత్త కూర వండుతోంది మరి. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లెమ్మనడం ఎంత కోపిష్టి మామకైనా కష్టమే.

వాళ్లది ఎచ్చెర్లకు తూర్పున సముద్రపు ఒడ్డున ఉన్న గుల్లపేట. చేపలు పట్టేవాళ్ల పల్లె. అల్లుడు ఎల్లాజీది ఆ పక్కపల్లె. పెళ్లయిన కొత్తలోనే విశాఖపట్నంలో ఓడ పనికి ఎక్కి, రెండేళ్లకు దిగాడు. భార్య కూర్మమ్మను కాపురానికి తీసుకెళదామని నేరుగా అత్తవారింటికి వచ్చాడు. వచ్చినవాడు తిని ఊరుకోవచ్చు కదా. మొదటి సాయంత్రమే ఒడ్డున తెప్పల దగ్గర అందరినీ కూర్చోబెట్టుకుని, కెనడా దేశంలో తన ఓడ ఒక చలికాలమంతా ఇరుక్కుపోయిన సంగతి ఎత్తుకున్నాడు. అక్కడ సముద్రమంత చెరువు ఉందన్నాడు, నమ్మారు. అన్ని నీళ్లూ తాగడానికి పనికొస్తాయన్నాడు, ఎలాగో సర్దుకున్నారు. చలికి ఆ చెరువు పైభాగం గడ్డకట్టి బండరాయిలా అవుతుందనీ, జనం దాని మీద నడుచుకుంటూ నడిమధ్యకు పోయి, పీట వేసుకుని, గునపంతో కన్నం పొడిచి, అందులోంచి చేపలు పడతారనీ, పిల్లలు కాళ్లకు కత్తులు కట్టుకుని దాని మీద జారుతుంటారనీ చెప్పేసరికి లక్ష్ముడు లేచి, తువ్వాలు దులుపుకుని, ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ ఏడాదే చంద్రుడి మీద మనిషి నడిచాడు. గుల్లపేటలో అందరూ నమ్మారు. అది రేడియో చెప్పింది. ఎల్లాజీ మాట రేడియో చెప్పలేదు.

లక్ష్ముడు మొండివాడే కానీ చెడ్డవాడు కాడు. అతని కోపానికి కారణం ఉంది. తెప్ప మీద ముగ్గురుంటారు. ముందు కూర్చున్నవాడు గాలి మారిందంటే, వెనకవాడు తల తిప్పి చూడకుండా తెడ్డు తిప్పాలి. నిజమా కాదా అని ఆలోచించే వ్యవధి సముద్రం ఇవ్వదు. అందుకే ఆ పల్లెల్లో ఒక కట్టు ఉంది. అబద్ధమాడేవాడితో ఎవరూ తెప్ప ఎక్కరు. అలాంటివాడికి పిల్లనివ్వరు, ఇచ్చేసి ఉంటే పంపరు. లక్ష్ముడు ఈ కట్టును పాటించి ఊరుకోలేదు. బుట్టలు నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి వెళ్లే ఆడవాళ్లందరితో, తన అల్లుడు అబద్ధాలకోరని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చాటించాడు.

కూర్మమ్మ ఒక్కర్తే మొగుణ్ణి ఆ సంగతి అడగలేదు. రెండేళ్లు ఎదురుచూసిన మనిషికి చెరువు గట్టిపడితేనేం, పడకపోతేనేం. అతను వచ్చిన రోజే చీరలు మడతపెట్టి రేకుపెట్టెలో సర్దేసుకుంది. ఆ పెట్టె గుమ్మం పక్కనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా లక్ష్ముడికి గుండెల్లో కలుక్కుమనేది, దాంతో కోపం ఇంకాస్త పెరిగేది.

ముందురోజు సాయంత్రం అతను ఇక ఆగలేక, తెల్లారాక బయల్దేరమని అల్లుడితో చెప్పేశాడు. ఎల్లాజీ వాదించలేదు.

"ఒక్కపాలి సూపిస్తాను మావా. సూసినంక కూడా అబద్ధమంటే మళ్లీ ఓడెక్కెల్లిపోతాను. నీ గడప తొక్కను."

"గట్టిపడ్డ సెరువు ఇక్కడెక్కడున్నాదిరా?"

"పొలాల్లో ఉన్నాది. పొద్దున్నే నువ్వు రా, సాలు."

పల్లెకు పడమట పొలాల మధ్య ఒక పెద్ద చెరువు ఉంది. దాని ఒక కొసను ఏళ్ల తరబడి గుర్రపుడెక్కా తుంగా కమ్ముకుని, వేళ్లన్నీ పెనవేసుకుపోయి, పరుపులా తేలుతూ ఉండేది. దాని మీద మేకలు మేసేవి. ఎల్లాజీ ఆ పరుపు మీద అరటిబోదెలు పరిచాడు, వాటి మీద వెదురు తడికలు వేశాడు, పైన ఎండుగడ్డి చల్లాడు. మధ్యలో కత్తితో కన్నం కోశాడు. తెల్లవారుజామున అత్తగారి పీట అడక్కుండా చంకన పెట్టుకుపోయి, కన్నం పక్కన వేసుకుని, గాలం వదిలి కూర్చున్నాడు.

ఆ రోజు పొగమంచు ఎలా కమ్మిందంటే, గట్టు మీద నిలబడ్డ మనిషికి తన చెయ్యి తనకు కనబడలేదు. దానివల్ల మొదట లాభపడాలనుకున్నది అప్పలసూరి. ఆయన పెద్ద రైతు, ఆ చెరువు నీటి వంతులు చూసే మనిషి. ఆ రోజు వంతు ఎగువ ఊరివాళ్లది. మంచులో ఎవరు చూడొచ్చారని ఆయన అవతలి కొసన తూము ఎత్తి, నీళ్లు తన చోడి నారుమడికి మళ్లించుకుని, గట్టు మీదుగా ఇంటికి బయల్దేరాడు. ఈ కొసకు వచ్చేసరికి మంచు కాస్త విడింది. చెరువులో, నీళ్ల మీద, ఒక మనిషి పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు.

దేవుడే దిగొచ్చాడనుకున్నాడు అప్పలసూరి. చేతులు జోడించబోయాడు. అంతలో ఆ మనిషి దగ్గాడు. దగ్గే దేవుడు ఉండడు కాబట్టి, ఇది ఎగువ ఊరివాళ్లు పెట్టిన కాపలా అని ఆయనకు స్థిరపడిపోయింది. దొంగకు చెట్టూ పుట్టా కూడా కాపలాగానే కనిపిస్తాయి. ఆయన మెల్లగా తడికల మీదికి దిగి, ఏం చూశావని అడిగాడు. ఓడ మీద చూసిన వింతల గురించి అడుగుతున్నాడనుకుని ఎల్లాజీ మురిసిపోయాడు.

"అంతా సూసినాను బాబూ. మా మావొచ్చినంక అందరి ముందరా సెప్తాను."

తూము సంగతి బయటపడ్డట్టేనని అప్పలసూరికి అర్థమైంది. ఆ మామ ఎవరో వచ్చేదాకా కదలకూడదని గడ్డి మీద చతికిలబడ్డాడు.

లక్ష్ముడు వచ్చాడు. అంత పెద్ద రైతు తన అల్లుడి ముందు చేతులు కట్టుకుని కింద కూర్చుని ఉండడం చూశాడు. వీడి అబద్ధాలు రైతుల దాకా పాకాయి, ఇక తలెత్తుకోలేమనుకుని, అల్లుణ్ణి రెక్క పట్టి లాక్కుపోదామని తానూ దిగాడు. అతని వెనక అసిరమ్మ తన పీట కోసం వచ్చింది. తిట్టడానికే వచ్చింది కానీ, అల్లుడు తినకుండా వచ్చాడని అంబలి కుండ కూడా తెచ్చింది. ఆమె వెనక కూర్మమ్మ. ఆమె నెత్తి మీద రేకుపెట్టె. అటో ఇటో ఈవేళ తేలిపోతుంది, ఎటు తేలినా తాను మాత్రం మొగుడి వెంటే వెళ్లాలని ఆమె నిర్ణయం. తడికల మీదికి దిగి పెట్టె దించింది. ఎక్కడో అడుగున వేళ్లు పుటుక్కున తెగాయి. ఎవరూ వినలేదు, ఎందుకంటే అప్పటికి లక్ష్ముడు అల్లుడి గురించీ, అసిరమ్మ పీట గురించీ, అప్పలసూరి తన అమాయకత్వం గురించీ ఒకేసారి మాట్లాడుతున్నారు.

ఈలోగా చేపల బుట్టల ఆడవాళ్ల ద్వారా కబురు పాకి, గుల్లపేట సగం గట్టెక్కింది. ఎల్లాజీ చెరువును బండ చేస్తున్నాడట అని కొందరు, చేసేశాడట అని కొందరు. గట్టు మీద నిలబడి మంచులోకి కళ్లు చిట్లించుకుని చూశారు. మంచే కనబడింది.

అప్పలసూరి ఇక వెళదామని గట్టు మీద కాలు వేశాడు. గట్టు లేదు. మోకాలి దాకా నీళ్లలోకి దిగింది కాలు. తూము లాగుతున్న నీళ్లతో పాటు, పరుపు మొత్తం వీళ్లందరినీ మోసుకుని చెరువు నడిమికి వచ్చేసింది.



అప్పుడు చూశారు అందరూ చుట్టూ. పైన తెలుపు, కింద తెలుపు, నాలుగు దిక్కులా తెలుపు. గట్టు లేదు, పొలం లేదు, సముద్రపు హోరు కూడా ఆ మంచులో ఎక్కడో ఇంకిపోయింది. లక్ష్ముడు పుట్టి బుద్ధెరిగి నీళ్ల మీదే బతికాడు, కానీ నీళ్లు ఇంత నిశ్శబ్దంగా ఉండగలవని అతనికి తెలియదు. సముద్రం నిద్రలో కూడా ఊరుకోదు. ఇక్కడ తన ఊపిరి తనకు వినబడుతోంది. భయం వేయాల్సింది, వేయలేదు. గుళ్లో తలుపులు తెరిచే ముందు నిలబడ్డట్టు ఉంది అతనికి.

కన్నం దగ్గర దారం బిగిసింది. ఎల్లాజీ కదలకముందే లక్ష్ముడి చెయ్యి దానంతట అదే పోయి అందుకుంది. లాగాడు. మూరెడు కొర్రమీను, నల్లగా నిగనిగలాడుతూ ఆ కన్నంలోంచి పైకి వచ్చి, తెల్లటి గడ్డి మీద ఎగిరెగిరి పడింది. వేల చేపలు పట్టిన మనిషి దాన్ని మొదటి చేపలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అల్లుడి పక్కన కూర్చున్నాడు.

"అక్కడా ఇలాగే ఉంటాదేటి?"

"ఇది నకలు మావా. అక్కడ కనుసూపు మేర తెలుపే. రేత్రి సలి ముదిరితే సెరువు మూలుగుతాది. ఈ కొస కాడ మొదలెట్టి ఆ కొస దాకా, కాళ్ల కింద నుంచి పోతాది ఆ మూలుగు. మొదటిపాలి విన్నప్పుడు ఏడుపొచ్చీసింది."

"బయమేసా?"

"కాదు. ఇంత గొప్పది నానొక్కణ్ణే సూస్తన్నాను, ఇంటికాడోళ్లకి సెప్తే నమ్మరు గదా అని."

కూర్మమ్మ అంతసేపూ పెట్టె మీద కూర్చుని వింటోంది. ఆ మాటకు తల వంచుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అసిరమ్మ ఎవరూ అడక్కుండానే అందరికీ అంబలి పోసింది, అప్పలసూరికి కూడా. ఆయన కూడా తాగాడు.

"నకలే ఇలాగుంటే," అన్నాడు లక్ష్ముడు, "అసలుకి దండమెట్టాల."

పరుపు మెల్లగా అవతలి కొసకు చేరి, సరిగ్గా తూముకు అడ్డంపడి ఆగింది. నీళ్లు ఆగిపోయాయి. అప్పలసూరి ఎవరి మొహమూ చూడకుండా గట్టెక్కి, తూము దించి, పొలాలకు అడ్డంపడి మాయమయ్యాడు.

లక్ష్ముడు కొర్రమీను చేత్తో పట్టుకుని నేరుగా తెప్పల దగ్గరికి వెళ్లాడు. ఊరంతా అక్కడే ఉంది. తాను చెరువు నడిమధ్య కూర్చున్నాననీ, అంబలి తాగాననీ, కన్నంలోంచి ఈ చేప తీశాననీ ఉన్నదున్నట్టు చెప్పాడు. అందరూ మర్యాదగా విన్నారు. మంచు విడేదాకా వాళ్లూ గట్టు మీదే ఉన్నారు. విడ్డాక చూస్తే ఆ కొసన పరుపూ లేదు, మనుషులూ లేరు. చెరువు చెరువులాగే ఉంది. లక్ష్ముడు అప్పలసూరిని సాక్ష్యానికి పిలిచాడు. కబురు వెళ్లింది, జవాబు వచ్చింది: ఆయన పొద్దున్నుంచీ మంచం దిగలేదట. అవతలి కొసకు పోయి చూడండన్నాడు లక్ష్ముడు. ఒక్క చేపకు అంత కథ అక్కర్లేదని ఎవరో అన్నారు.

అతనితో రోజూ తెప్పెక్కే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు కూర్మయ్య, లక్ష్ముడి తెడ్డు తెచ్చి అతని ముందు పెట్టాడు.

"కోపం కాదు బావా. కట్టు కట్టే గదా. ఊరూరా సాటించినోడివి నువ్వే."

లక్ష్ముడు ఆ తెడ్డు తీసి భుజాన వేసుకున్నాడు. నిజం చెప్పి అబద్ధాలకోరు కావడం ఎలా ఉంటుందో అతనికి ఆ పూట పూర్తిగా తెలిసింది. ఇంటికి వచ్చి కూతుర్ని బయల్దేరమన్నాడు. ఆమె పెట్టె ఇంకా విప్పనే లేదు. గుమ్మం దాటబోతున్న అల్లుణ్ణి ఆపాడు.

"రేపు నాతో తెప్పెక్కుతావేటి?"

"నాను అబద్ధాలకోరుని గదా మావా."

"నానూ అంతే. ఎక్కు."

మర్నాడు మిగతా తెప్పలన్నీ ఉత్తరానికి పోతే, ఆ ఇద్దరూ దక్షిణంగా పోయి బుట్టలు పొర్లిపోయేటన్ని చేపలతో తిరిగొచ్చారు. ఎక్కడ పడ్డాయని అడిగిన ప్రతివాడికీ లక్ష్ముడు దాచకుండా చోటుతో సహా నిజం చెప్పాడు. ఎవరూ నమ్మకపోవడంతో ఆ మర్నాడు కూడా చేపలు అక్కడే ఉన్నాయి.