గుర్రం మాస్టారి పందెం

రాజమండ్రి దానవాయిపేటలో సూర్యప్రకాశం గారిల్లెక్కడండీ అంటే ఎవరూ చెప్పలేరు. గుర్రం మాస్టారిల్లు అనండి, పాలవాడు కూడా గేటు దాకా దిగబెట్టి మరీ వెళ్తాడు.

అలాగని ఆయన ఏనాడూ గుర్రం ఎక్కిన పాపాన పోలేదు. నలభయ్యేళ్ళ కిందట రామచంద్రపురంలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఇంగ్లీషు కౌబాయ్ సినిమా పదకొండుసార్లు చూశాడు, అంతే. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు సోషల్ చెప్పాడంటారు గానీ, అందులో సగం ఆ సినిమా కథే.

కథ పెద్దదేం కాదు. ఎండిపోయిన ఒక ఊరికి హీరో గుర్రమ్మీద వస్తాడు. ఆ ఊళ్ళో ఉన్న ఒక్క వాగుకీ పశువుల కామందొకడు అడ్డుకట్ట వేసుకుని కూర్చుంటాడు. దిగువన మొగుడు పోయిన ఆవిడొకతె పొలం చేసుకుంటూ నీళ్ళకి అల్లాడుతూ ఉంటుంది. హీరో ఆవిడ పక్షాన నిలబడతాడు. ఇక ముగింపు దగ్గరికొచ్చేసరికి సూర్యప్రకాశం లేచి నిలబడేవాడు. హీరో తొమ్మిది గుళ్ళతో కామందుని పడగొట్టి, ఆవిడ ఏడుస్తూ పిలుస్తున్నా వెనక్కి తిరిగి చూడకుండా గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. మగాడంటే అలా ఉండాలోయ్ అని కూర్చునేవాడు.

ఇంట్లో ఏ తగువొచ్చినా ఆ గుర్రమ్మీదే నెగ్గుకొచ్చేవాడు. కూర తరగమంటే, ఆ హీరో ఎప్పుడైనా కూర తరిగాడా అని అడిగేవాడు. భార్య బాలాత్రిపురసుందరికి పేరు పొడుగు, మాట పొట్టి. ముప్ఫైమూడేళ్ళు విని ఊరుకుంది.

ఆయన రిటైరయ్యాక మాత్రం ఊరుకోలేదు. ఆవిడ పుట్టింటి వాళ్ళ పొలం కాలవ శివార్లో ఉండేది. పైవాళ్ళకి మూడు రోజులు, కిందవాళ్ళకి మూడు రోజులు అని నీళ్ళకి వంతులు వేసుకుని బతికిన మనుషులు. ఆ లెక్కనే వంటింటికీ వంతులు వేద్దామంది. సోమ, బుధ, శుక్రవారాలు తను. మంగళ, గురు, శనివారాలు ఆయన. ఆదివారం ఎవరికి ఆకలేస్తే వాళ్ళు.

కాఫీ కలపడమంటే సూర్యప్రకాశానికి తెలిసింది గ్లాసులో చెంచా తిప్పడం ఒక్కటే. నెల రోజులు నడుం నొప్పని తప్పించుకున్నాడు. ఇంకో నెల నొప్పి మోకాలికి దిగింది. మూడో నెల ఏ భాగానికి పంపించాలా అని ఆలోచిస్తూ ఉండగా, ఆ పాత సినిమానే మళ్ళీ తీశారనీ, తెలుగులో డబ్బింగు చేసి మనూరికే తెచ్చారనీ పేపర్లో చూశాడు.

వెంటనే పందెం వేశాడు. ఆఖర్న హీరో వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతే వంతుల మాట ఈ జన్మలో ఎత్తకూడదు. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ చెప్పినట్టే, వచ్చే మంగళవారం నుంచి మొదలు. పక్కింటి సత్యవాణి సాక్షి.

"సరేనండి," అంది త్రిపురసుందరి.

ఒక్క క్షణమైనా ఆలోచించలేదావిడ. అది చూసైనా ఆయనకి అనుమానం రావాల్సింది. వస్తే ఇంకేం.

శనివారం మ్యాట్నీకి ముగ్గురూ వెళ్ళారు. సూర్యప్రకాశం పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా కూర్చున్నాడు. చుట్టూ ఉన్న జనం ఆయన్ని సినిమా చూడనిస్తేగా. హీరో తెర మీదకి రాగానే, గుర్రానికి ఉలవలు పెట్టట్లేదు, ఎముకలు తేలిపోయిందని వెనక వరసలో ఒక పెద్దాయన బాధపడ్డాడు. హీరో మూడోసారి గింజలు ఉడకబెట్టుకునేసరికి, పాపం పక్కన ఆవకాయ బద్దయినా లేదే అని ముందు వరస ఆడవాళ్ళు నిట్టూర్చారు. ఇన్ని పశువులున్న ఊళ్ళో ఒక్కడూ మజ్జిగ తాగడేం, అందరూ ఆ నల్ల కషాయమేనా అని సత్యవాణి నిలదీసింది. ఎవర్నంటే, సూర్యప్రకాశాన్నే. ఆ ఊరికి కరణం ఈయనే అన్నట్టు.

"అది అమెరికా అండీ, కొంచెం చూడనివ్వండి," అని పళ్ళు నూరాడు.

కామందు వాగుకి అడ్డుకట్ట వేసేసరికి హాలు హాలంతా భగ్గుమంది. మండపేట వైపు రైతులు కాబోలు, ఒక వరస వరసంతా వాణ్ణి నానా తిట్లూ తిట్టారు. అప్పటిదాకా నోరు విప్పని త్రిపురసుందరి కూడా గట్టిగానే అంది, "వంతులు పెట్టుకుంటే పోయేదానికి తుపాకులెందుకూ?" అని. ఆ రైతులు వెనక్కి తిరిగి ఆవిడకి చప్పట్లు కొట్టారు. సూర్యప్రకాశానికి కుర్చీ కిందికి దూరిపోదామనిపించింది.

సరే, ఆఖరికి ముగింపు వచ్చింది. హీరో, కామందు ఎదురెదురుగా నిలబడ్డారు. ఇంక చూసుకో అన్నట్టు ఆయన భార్యని మోచేత్తో పొడిచాడు.

ఒక్క గుండూ పేలలేదు. ఆ మొగుడు పోయినావిడ పార పట్టుకొచ్చి గట్టు మీద ఒక్క వేటు వేసింది. ఆవిడ వెనకాల ఊరంతా పారలతో వచ్చింది. కామందు మనుషులే తుపాకులు కింద పడేశారు. నీళ్ళు పారాయి. హీరో ఆవిడ ఇంటికెళ్ళి, తుపాకీ మేకుకి తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచి, పీట మీద కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీయడం మొదలెట్టాడు. సినిమా అయిపోయింది. జనం ఈలలేస్తూ లేచారు.

సూర్యప్రకాశం మాత్రం లేవలేదు. సత్యవాణి జబ్బ పట్టుకుని లేపాల్సి వచ్చింది.

బయట దుర్గాశ్రీ అనే యూట్యూబు అమ్మాయి మైకు పట్టుకుని, పబ్లిక్ టాక్ అంటూ వచ్చినవాళ్ళనల్లా అడుగుతోంది. సూర్యప్రకాశం జనాన్ని తోసుకుని వెళ్ళి మైకు లాక్కున్నాడు. ఘోరం జరిగిపోయిందన్నాడు. పాత సినిమాకి ఈ కొత్తవాళ్ళు ద్రోహం చేశారన్నాడు. అసలు హీరో తొమ్మిది గుళ్ళు పేల్చి, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడనీ, తను స్వయంగా పదకొండుసార్లు చూశాననీ, రామచంద్రపురం హాలు పేరుతో సహా చెప్పాడు.

స్కూటర్ల స్టాండు దగ్గర కుర్చీలో ఉన్న ముసలాయన, ఏసుపాదం, మెల్లగా లేచొచ్చాడు.

"మాస్టారూ, ఆ రోజుల్లో ఆ హాల్లో మిషన్ ఆపరేటర్ని నేనేనండి. అప్పుడూ దుంపలేనండి. నా చేత్తో వేశాను ఆఖరి రీలు," అన్నాడు.

సూర్యప్రకాశం బుకాయించబోయాడు. ఏసుపాదం ఆయన్ని ఎగాదిగా చూసి, "తమరిది గోదారి అవతలా అండి?" అని అడిగాడు.

ముక్తేశ్వరం పక్కనేనని గొప్పగా చెప్పాడు మాస్టారు.

"అదీ సంగతి. కోటిపల్లి రేవులో గోదారి దాటించే ఆఖరి పంటు వెళ్ళిపోతుందని లంకల కుర్రాళ్ళు ఆఖరి రీలుకి ముందే లేచి బస్సుకి పరిగెత్తేవారండి. సగం హాలు ఖాళీ. ఖాళీ కుర్చీలకే వేసేవాణ్ణి దుంపలు."

జనం గొల్లున నవ్వారు. సూర్యప్రకాశానికి అప్పుడు గుర్తొచ్చింది. నిజంగా అప్పుడే గుర్తొచ్చింది, ఆయన్ని అనవసరంగా ఆడిపోసుకోకండి. పదకొండుసార్లూ పరుగే. పంటు మీద అయిదుగురు స్నేహితులూ కూర్చుని, ఆ తర్వాత ఏమైవుంటుందో తలొకటీ అల్లేవాళ్ళు. తను అల్లింది అందరికీ నచ్చింది. చెప్పగా చెప్పగా చూసినట్టే అయిపోయింది.

దుర్గాశ్రీ మైకు త్రిపురసుందరి ముందు పెట్టి, మీరెంత రేటింగిస్తారమ్మా అని అడిగింది.

"సినిమాకి నాలుగమ్మా. మావారి కథకి అయిదు," అందావిడ.

ఇంటికి ఆటోలో బయల్దేరారు. సత్యవాణి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నీకు ముందే తెలుసా అని సూర్యప్రకాశం భార్యని అడిగాడు.

"మా మేనమామగారిల్లు ఆ హాలు వెనకే కదండీ. మా అమ్మతో వెళ్ళి చూశాను. మాకు ఏ పంటూ ఎక్కక్కర్లేదు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"పెళ్ళైన కొత్తలో మూడు గుళ్ళే చెప్పేవారు. పెద్దవాడు పుట్టాక అయిదయ్యాయి. హెడ్మాస్టరయ్యాక తొమ్మిది. ఎక్కడిదాకా వెళ్తారో చూద్దామనుకున్నాను. అయినా అంత సంబరంగా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదండి."

ఆయన మనసు కాస్త మెత్తబడింది. మెత్తబడ్డా బుద్ధి ఎక్కడికి పోతుంది? కోటగుమ్మం దాటేలోగా ఒక లా పాయింటు దొరికింది. పందెం, హీరో వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తాడా లేదా అన్నదాని మీద. అసలు వాడు వెళ్ళనే లేదు కనక పందెమే చెల్లదన్నాడు.

త్రిపురసుందరి కాసేపు ఆలోచించినట్టు తలూపింది. "నిజమేనండి, పందెం చెల్లదు. మీరూ ఎక్కడికీ వెళ్ళట్లేదుగా. వెళ్ళనివాడు ఏం చేశాడో అదే చేద్దురుగాని," అంది.

సత్యవాణి సాక్షిగా అది న్యాయమేనంది. మార్కెట్ దగ్గర ఆటో ఆపించి త్రిపురసుందరి రెండు కిలోల బంగాళాదుంపలు తీసుకుంది. సంచీ మాస్టారే మోశారు.