కెప్టెన్ గారికి దండ

వరలక్ష్మీ వ్రతం శుక్రవారం పొద్దున నళిని వేసుకున్న ప్లాన్ తేలికైనదే. పదింటికి పేరంటం, పన్నెండింటికి ఇంటి ఓనర్ మిసెస్ వార్డ్ రాక. అమెరికాలోని ఫ్రిస్కోలో వాళ్లుంటున్న ఆ ఇంటిని ఇంకో ఏడాది అద్దెకు ఇచ్చేదీ లేనిదీ ఆవిడ చూసి చెబుతుంది. ఇల్లు మారితే బడి మారుతుంది. బయట ఎవరితోనూ నోరు విప్పని కూతురు అనిక ఆ బడిలోనే ఈ మధ్య మాట్లాడటం మొదలుపెట్టింది.

హాల్లో మిసెస్ వార్డ్ పూర్వీకుడి చిత్రం ఉంది. రెండు వందల ఏళ్లు దాటిన రంగుల బొమ్మ. నీలం కోటు, బంగారు గుండీలు, నౌకాదళంలో కెప్టెన్. ఆవిడ మారిన చిన్న అపార్ట్‌మెంట్‌లో పట్టక ఇక్కడే ఉంచింది. దాన్ని తాకొద్దని మాత్రం గట్టిగా చెప్పింది.

దేవుడి పటాలకు వరసగా తడి కుంకుమ బొట్లు పెడుతూ వచ్చిన నళిని చెయ్యి కెప్టెన్ దగ్గర ఆగలేదు. కంగారుగా తడిగుడ్డతో తుడిస్తే బొట్టు ముక్కు దాకా జారింది. వెంటనే భర్త శ్రీవత్సకు ఫోన్ చేసింది.

"ఏమండీ, కెప్టెన్ ముక్కు ఎర్రబడింది!"

"మీటింగ్‌లో ఉన్నా నళినీ. ఏ కెప్టెన్?"

"గోడ మీద కెప్టెన్!"

"అమ్మో! ఇంక తుడవకు. ఏదైనా అడ్డం పెట్టు."

చేతికందింది అమ్మవారి పూలదండ. ముక్కు కనబడకుండా వేలాడదీసింది.

పేరంటానికి వచ్చిన పక్కింటి కామేశ్వరి గారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఎవరమ్మా పోయింది? మైలలో వ్రతమేంటి?"

"మావాళ్లు కాదాంటీ! ఇంటావిడ వాళ్ల పెద్దాయన."

"అయ్యో పాపం!"

పన్నెండింటికి మిసెస్ వార్డ్ రాగానే కామేశ్వరి గారు రెండు చేతులూ పట్టుకుని ఇంగ్లీషులో పరామర్శించారు. "ఎలా పోయారండీ?"

ఆవిడ దండ వంక చూసింది. "సముద్రం మీద. ఫిరంగి గుండు తగిలి."

"పిల్లలో?"

"ముగ్గురు. చిన్నదానికి అప్పుడు నెల."

"ఎప్పుడు జరిగింది?"

"పదిహేడు వందల ఎనభై రెండులో."

కామేశ్వరి గారు చేతులు వదల్లేదు. "అయితే మాత్రం? కన్నబిడ్డను చూసుకోలేదు కదా!"

నళినికి ఏడుపు ఆగలేదు. దండ పక్కకు జరిపి జరిగిందంతా చెప్పేసింది. మిసెస్ వార్డ్ కళ్లజోడు పెట్టుకుని ఆ ముక్కును చాలాసేపు చూసింది.

"బొమ్మను బాగుచేసేవాళ్లు దొరుకుతారు. పిల్లల గురించి అడిగినవాళ్లే ఇన్నాళ్లూ దొరకలేదు," అంటూ సంచిలోంచి అగ్రిమెంటు తీసింది. "రెండేళ్లకు రాయనా?"

ఆయన పోయిన తేదీ కూడా ఆవిడే చెప్పింది. ఇప్పుడు ఏటా ఆ రోజున నళిని గారెలు వండుతోంది. శ్రీవత్స సెలవు చీటీలో 'ఇంటి పెద్దాయన తద్దినం' అని రాస్తున్నాడు.