స్టీఫెన్ గారి నిండు మెయిల్‌బాక్సు

రాయ్‌పూర్‌లోని గోనెసంచుల సరఫరా మండలి ప్రధాన కార్యాలయంలో ఈమెయిలు వ్యవస్థ సంపూర్ణ విజయం సాధించిందనీ, ఇకమీదట అందులో చోటు దొరకడం కష్టమనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద సర్వర్‌ను గొంతు దాకా నింపిన కార్యాలయం రాష్ట్రంలో మరొకటి ఉంటే, వారింకా బయటపడలేదు.

ఈ విజయానికి కారకుడిగా, అంటే దోషిగా, స్టీఫెన్‌ను గుర్తించారు. మెయిలు వ్యవస్థ చూసుకునే అధికారి ఆయనే. తండ్రి జోసెఫ్ నరసాపురం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే కన్నుమూశాడు. తల్లి శాంతమ్మ, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసే భార్య సుప్రియ, తొమ్మిదో తరగతి చదివే కూతురు అనూషలతో స్టీఫెన్ దేవేంద్ర నగర్‌లో కాపురం ఉంటున్నాడు. పాపం, ఆయన నింపిందేమీ లేదు. వచ్చినవాటిని ఆపలేకపోయాడు, అంతే.

ఎలా వచ్చాయంటారా? మండలిలో ఒకరికి మెయిలు పంపితే మిగతా అందరికీ నకలు పంపడం ఆనవాయితీ. పెళ్లి పిలుపుల్లో ఒక బాబాయిని వదిలేస్తే ఎంత రభస అవుతుందో, నకళ్ల వరుసలో ఒక గుమస్తాను వదిలేసినా అంతే రభస. పొద్దున్నే ఒకరు గులాబీ బొమ్మ పెట్టి శుభోదయం చెప్తారు. మిగతావారు తలా ఒక గులాబీతో అందరికీ జవాబిస్తారు. ఇక అసలు పనికి సంబంధించిన మెయిలు ఏదైనా పొరపాటున వస్తే దాన్ని ప్రింటు తీసి, ‘అందినది’ అని ముద్ర కొట్టి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి, అందినట్టు రుజువుగా మళ్లీ అందరికీ మెయిలు చేస్తారు. దీన్నే కాగిత రహిత పాలన అంటారు.

తీసేయడం మాత్రం ఎవరూ చేయరు. తీసేశాడంటే ఏదో దాచాడన్నమాట. నిజాయితీపరుడు తన గులాబీలన్నిటినీ తనిఖీకి సిద్ధంగా ఉంచుకుంటాడు.

డైరెక్టర్ చంద్రాకర్ సాబ్ సిబ్బందిని సమావేశపరిచి ఉపన్యసించారు. “ఈమెయిలు అంటే ఏమిటి? మన సంస్థ జ్ఞాపకశక్తి! జ్ఞాపకశక్తిని తుడిచేసుకునేవాణ్ణి లోకం ఏమంటుంది? కనుక ఒక్క మెయిలు కూడా పోకూడదు. సర్వర్ మాత్రం ఖాళీ కావాలి.” చప్పట్లు మోగాయి. ఆయన చేయెత్తి ఆపి, స్టీఫెన్ వైపు చూశారు. “వడ్ల కొనుగోళ్లు మొదలయ్యేలోపు ఈ పని కాకపోతే, స్టీఫెన్ జీ అంబికాపూర్ శాఖలో చల్లగాలి పీల్చుకోవచ్చు.” ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

అంబికాపూర్ చల్లటి ఊరే. కాని అక్కడికి వెళ్లాలంటే రాత్రంతా రైలు. ఇంట్లో ఈ మాట చెప్పేసరికి సుప్రియ చేతిలో గరిటె ఆగిపోయింది.

“నా డ్యూటీ ఇక్కడ, మీరు అక్కడ. అమ్మాయి చదువెవరు చూస్తారండీ? అత్తయ్యగారి మోకాళ్ల సంగతి ఎవరు చూస్తారు? ఆ పనికిమాలిన పువ్వులు కాస్తా తీసి పారేయండి, బస్!”

“తీస్తే ఊరుకుంటారా? కుక్కలు చింపిన విస్తరి చేస్తారు నన్ను,” అన్నాడు స్టీఫెన్. ఇల్లూ వాకిలీ వదిలి ఒంటరిగా మెస్సు కూడు తినాలన్న తలంపుకే ఆయనకు గుండె బరువెక్కింది.

ఆయన ప్రయత్నలోపం లేదు. అనవసరమైన మెయిళ్లు తీసేయవలసిందిగా అందరికీ ఒక మెయిలు పెట్టాడు. అనవసరమైనవి అంటే ఏవో చెప్పమని అందరూ అందరికీ జవాబు పెట్టారు. దానిమీద కమిటీ వేశారు. ఏ మెయిలు తీసేసినా ఆ సంగతి తక్షణమే అందరికీ తెలియజేయాలని కమిటీ మొదటి నియమం చేసింది. పాత మెయిళ్లను స్టీఫెన్ ఆర్కైవ్‌లోకి, అంటే పాత సామాన్లు పెట్టే గదిలాంటి చోటికి మార్చాడు. మర్నాడు పొద్దున్నే అందరూ లబోదిబోమన్నారు. వాటిని ఏనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు గాని, కళ్లెదుట లేకపోయేసరికి దిగులు పట్టుకుంది. మావి మాకు తిరిగి మెయిలు చేయమన్నారు. చేశాడు. దాంతో అవి రెట్టింపయ్యాయి.

చివరికి కమిటీ రాజీమార్గం కనిపెట్టింది. తుది నిర్ణయం వెలువడే దాకా అందరి గులాబీలూ స్టీఫెన్ బాక్సులో భద్రపరచాలి. అధికారి హోదాలో ఆయన బాక్సు కొంచెం పెద్దది. అందరి పువ్వులూ మోసుకొచ్చి అందులో కుక్కాడు. మిగతావారి బాక్సులు తేలికపడ్డాయి. ఆయనది మాత్రం సూది మొన మోపడానికి కూడా చోటు లేకుండా నిండింది.

వడ్ల కొనుగోళ్లు రానే వచ్చాయి, సర్వర్ మాత్రం ఖాళీ కాలేదు. ఒక మధ్యాహ్నం సిబ్బంది విభాగంలో పనిచేసే నళిని ఆయన టేబుల్ దగ్గరికి నడిచి వచ్చింది. ఆవిడది విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం, గుఢియారీలో ఉంటుంది.

“స్టీఫెన్ గారూ, మిమ్మల్ని అంబికాపూర్ వేసేసేరండి. ఆర్డరు ఇందాకే పంపేను,” అంది.

స్టీఫెన్ సొరుగులో రైళ్ల టైంటేబుల్ కోసం వెతకసాగాడు.

“అయితే అది వెళ్లలేదండి. మీ బాక్సు నిండిపోయిందని తిరిగొచ్చేసింది. మళ్లీ పంపేను. మళ్లీ వాపస్! ఏటి చేస్తాం?”

ఇక్కడ ఒక నియమం గురించి చెప్పాలి. ఉత్తర్వులు తమకు అందలేదని సిబ్బంది బుకాయించడం చూసి, చంద్రాకర్ సాబ్ లోగడ స్వయంగా ఒక నియమం చేశారు. ఉత్తర్వులన్నీ ఈమెయిలు ద్వారానే పంపాలి. కాగితం మీదివి చెల్లవు, నోటిమాట అసలే చెల్లదు. ‘అందినది’ అని అవతలి వ్యక్తి తిరుగు మెయిలు ఇస్తేనే ఉత్తర్వు అమల్లోకి వస్తుంది. ఆ పువ్వుల్ని తీసేయమని ఇప్పుడు ఆజ్ఞాపించవచ్చు గాని, ఒక్క మెయిలు కూడా పోకూడదన్నది కూడా ఆయనే. సాబ్ తన గదిలో చాలాసేపు పంకా కేసి చూస్తూ కూర్చున్నారు.

“వాళ్లు వద్దన్నవన్నీ నీ నెత్తిన పెట్టారని ఏడిచావు. చూశావా, ఆ గులాబీలే నీకు కోటగోడ అయ్యాయి. ప్రభువు చేసే పనులు ఇలాగే ఉంటాయిరా,” అంది శాంతమ్మ. ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతార్పణ కూడా ఇచ్చింది.

ఈ సంగతి కార్యాలయమంతా పాకింది. నిన్నటిదాకా స్టీఫెన్‌ను చూసి మొహం తిప్పుకున్నవారు ఆయనకు టీ తెప్పించసాగారు. తమ బాక్సు కూడా నింపిపెట్టమని రహస్యంగా వేడుకున్నారు. గులాబీలకు గిరాకీ పెరిగింది. బంతిపూలు, సూర్యోదయాలు, పిల్లికూనలు కూడా చెల్లుబాటయ్యాయి. కొద్ది వారాల్లోనే బాక్సులన్నీ నిండుకుండలయ్యాయి. వాటిలోంచి బయటికి పంపడానికి అడ్డేమీ లేదు, లోపలికి మాత్రం ఏదీ రాదు. బదిలీలు రావు, సంజాయిషీ నోటీసులు రావు, పక్కనున్న తిల్దా ఊరి బియ్యం మిల్లుల వాళ్ల ఫిర్యాదులూ రావు. విసిగిపోయిన మిల్లర్లు స్వయంగా వచ్చి నళిని ఎదుట కూర్చుంటే, తన విభాగం పని కాకపోయినా ఆవిడ అప్పటికప్పుడు సంచులు రాసి ఇచ్చేది. మండలి చరిత్రలో సంచులు వేళకు అందిన సీజన్ అదొక్కటే. ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాని ఆదర్శ కార్యాలయంగా చంద్రాకర్ సాబ్‌కు శాలువా కప్పారు.

అంతా సుఖంగా ఉండగా సుప్రియకు ప్రమోషన్ వచ్చింది. హెడ్ నర్సుగా వేశారు, అంబికాపూర్ ఆసుపత్రిలో. వెనుకబడిన సంస్థ కావడం వల్ల ప్యూను కాగితం తెచ్చి చేతికిచ్చాడు. ఆవిడ సంతకం పెట్టింది. అక్కడితో అయిపోయింది.

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ప్రమోషన్ అది, వదులుకోలేదు. తల్లి వెంట అనూష, మనవరాలి వెంట శాంతమ్మ బయల్దేరారు.

“మీకు ఎలాగూ ఆర్డరు ఉందిగా అక్కడికే. తీసుకుని వచ్చేయండి,” అంది సుప్రియ, ప్లాట్‌ఫాం మీద.

స్టీఫెన్ పరుగున నళిని దగ్గరికి వెళ్లాడు. “నా ఆర్డరు ఇచ్చెయ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది.”

నళిని సొరుగులోంచి తీసి చూపించింది. ప్రింటు తీసి ముద్ర కొట్టి పెట్టుకుంది. “ఇదిగోండి. కానీ ఇది కాగితం కదండీ, చెల్లదు.”

బాక్సు పెద్దది చేసుకోవాలంటే కమిటీ అనుమతి కావాలి. కమిటీకి పెట్టిన అర్జీ, వారి బాక్సులన్నీ నిండి ఉన్నందున తిరిగి వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. స్టీఫెన్ కళ్లు మూసుకుని తన గులాబీలన్నిటినీ తీసేశాడు. బాక్సు తళతళలాడింది. నిబంధన ప్రకారం ఆ సంగతి అందరికీ తెలియజేయాలి కనుక, మెయిళ్లు వెళ్లకపోయేసరికి, నోటీసు బోర్డు మీద అంటించాడు. నళిని తన సీటు వైపు నడిచింది, ఆర్డరు పంపడానికి.

ఆవిడ నడకలో లోపం లేదు. కాని నోటీసు బోర్డు దగ్గర ఉన్నవారు అంతకంటే చురుకైనవారు. భార్యాబిడ్డల కోసం ఒక మనిషి అన్ని పువ్వులూ త్యాగం చేశాడని తెలిసి వారి కళ్లు చెమర్చాయి. ఎవరి సీటుకు వారు పరుగెత్తి, స్టీఫెన్ జీకి హార్దిక అభినందనలు పంపారు. ఉత్త చేతులతో ఎవరూ పంపలేదు. తలా ఒక పూలగుత్తి, తమ బాక్సులో ఉన్న పువ్వులన్నీ కట్టి. చంద్రాకర్ సాబ్ స్వయంగా శాలువా ఫొటో జతపరిచారు.

నళిని ఆర్డరు వాపస్ వచ్చింది.

స్టీఫెన్ ఇప్పటికీ రాయ్‌పూర్‌లోనే ఉన్నాడు. మెస్సులో తింటున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా రాత్రి రైలెక్కి వెళ్లి, కూతుర్ని చూసుకుని, కళ్లు తుడుచుకుని వస్తున్నాడు. ఆయన వారానికోసారి బాక్సు ఖాళీ చేస్తూనే ఉన్నాడు, సహోద్యోగులు అభినందిస్తూనే ఉన్నారు. ఒక్కరికీ ఆయనమీద కోపం లేదు, అదే ఆయన దురదృష్టం.

ఇది చదివి నవ్వుకుంటున్న పాఠక మహాశయులకు ఒక విన్నపం. ముందుగా ఈ ఉదయం తమ ఫోనులోకి వచ్చిన గులాబీలను తీసేయండి. ఆ తర్వాత, తీసేసిన సంగతి నలుగురికీ చెప్పకుండా సాయంత్రం దాకా ఉండగలరేమో చూసుకోండి.