పది నమూనా సంతకాలు

"ఇక ఏ నేరమూ దాక్కోలేదు" అని మంత్రిగారు ప్రకటించగానే, దాక్కోవాల్సిన వాళ్ళంతా మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. కొత్త ఫోరెన్సిక్ ల్యాబ్‌కి ఆ రోజే ప్రారంభోత్సవం. రక్తానికి ఒక గది, విషానికి ఒకటి, ఎముకలకి, తూటాలకి, వేలిముద్రలకి, శవాల మీద వాలే పురుగులకి తలా ఒకటి, చివర్న మెట్ల పక్కన చేతిరాతకి ఒకటి. ఏడు గదులు, ఏడుగురు నిపుణులు, ఒక మైక్రోస్కోపు. పురుగుల నిపుణుడు మంత్రిగారి బావమరిది. బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కేస్తాడు.

చేతిరాత గదిలో అమ్మాయిని అందరూ దస్తూరీ మేడం అనేవారు. పరీక్ష రాసి, ఏ సిఫార్సూ లేకుండా వచ్చింది ఆమె ఒక్కతే. ఆ పొరపాటు పైవాళ్ళకి ఆలస్యంగా తెలిసింది. మంత్రిగారి పచ్చ ఇంకు సంతకం ఉన్న ఉద్యోగం ఆర్డరుకి వాళ్ళ నాన్న అద్దం కట్టించి గోడకి తగిలించాడు. ఆయన తాపీ పని చేస్తాడు. ఆ ఇంట్లో పట్టా ఉన్నదీ, జీతం ఉన్నదీ ఆమెకే.

ల్యాబ్‌కి మొదటి కేసే పెద్దది. కొత్త వంతెన తెరిచిన మూడో రోజు కూలింది. పదకొండుమంది పోయారు. "పరీక్షలు అక్కర్లేదు, తెరవండి" అన్న కాగితం మీద మంత్రిగారి సంతకం ఉంది. మంత్రిగారు "అది నాది కాదు" అన్నారు. వెంటనే వంతెన ఆఫీసు గుమాస్తాని, సంతకం ఫోర్జరీ చేశాడని లోపలేశారు. అతని భార్య రోజూ వచ్చి ల్యాబ్ మెట్ల మీద కూర్చునేది.

"మా ఆయనకి సొంత సంతకమే రెండుసార్లు ఒకేలా రాదమ్మా," అనేది దస్తూరీ మేడంతో.

పోల్చి చూడ్డానికి మంత్రిగారి పీయే రెండువందల ఫైళ్ళు దింపించాడు.

"వంతెన సంతకం వేటితోనూ కలవడం లేదుగా?"

"లేదండీ. అయినా మంత్రిగారు నా ఎదుట పది సంతకాలు పెట్టాలి. రూలు."

"ఆయనెందుకమ్మా?"

"సంతకం ఆయనది కదండీ."

మంత్రిగారు ఎంత గొప్ప మనసుతో ఒప్పుకున్నారో! కెమెరాల ముందు, నాలిక పంటి కింద పెట్టుకుని, పదీ స్వయంగా పెట్టారు. ఆ పదీ వంతెన కాగితంతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. రెండువందల ఫైళ్ళలో ఒక్కదానితోనూ కలవలేదు.

పీయే తలుపు దగ్గరికి వేశాడు.

"ఎనిమిదేళ్ళుగా నేనే పెడుతున్నాను తల్లీ. ఆ ఒక్కరోజు జ్వరమొచ్చి సెలవు పెట్టాను. సారు తొందరపడ్డారు."

"మరి మా ఆర్డర్లు?"

"ఏడూ నావే. నీదైతే కాస్త శ్రద్ధగా పెట్టాను."

సాయంత్రానికి ఆరుగురు నిపుణులూ ఆమె గదిలో ఉన్నారు.

"చెల్లెమ్మా, ఏడుగురి పొట్ట కొడతావా?" అన్నాడు పురుగులాయన. "నాకిప్పుడిప్పుడే చీమలంటే భయం పోతోంది!"

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పింది. ఆయన గోడమీది ఆర్డరు కేసి చూశాడు.

"మేకు పీకితే గోడకి కన్నం పడుతుంది. అంతేగా? సిమెంటు నేను పూస్తాలే."

ఆమె ఉన్నదున్నట్టు రిపోర్టు రాసింది. వంతెన సంతకం మంత్రిగారిదే, ఫైళ్ళమీదవీ నియామకాలమీదవీ కావు.

మర్నాడు మంత్రిగారు విలేకరుల్ని పిలిచారు. "ఆమె రిపోర్టు ప్రకారం ఆమె నియామకం చెల్లదు. చెల్లని మనిషి రాసిన రిపోర్టు చెల్లదు. కనక ఆ సంతకం నాది కాదు, గుమాస్తా లోపలే ఉంటాడు."

"మిగతా ఆరుగురి సంగతేంటండీ?"

"వాళ్ళు ఏమీ రాయలేదు. కనక చెల్లుతారు."

ఇంత సూటిగా ఆలోచించే నాయకుడు దొరకడం అదృష్టమని పత్రికలు రాశాయి.

పత్రికలొచ్చిన రోజు మధ్యాహ్నం పీయే స్వయంగా ఆమె తొలగింపు ఉత్తర్వు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కిటికీ బయట మెట్ల మీంచి గుమాస్తా భార్య లేచి నిలబడింది. దస్తూరీ మేడం ఉత్తర్వు కింద పచ్చ ఇంకుని చూసింది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

"సారు ఊళ్ళో ఉన్నారాండీ?"

"పొద్దున్నే వెళ్ళిపోయారమ్మా. క్యాంపు."

ఆమె కుర్చీ జరిపి, తెల్లకాగితం ఆయన ముందుకి తోసింది.

"కూర్చోండి. పది సంతకాలు పెట్టండి."

పీయే కూర్చున్నాడు. అలవాటుగా కలం మూత తీసి, తలెత్తి అడిగాడు.

"ఎవరిది పెట్టమంటావమ్మా?"