కిటికీ కుర్చీ సమరం

అమెరికా గణరాజ్యము రాజ్యాంగమను క్రొత్త చొక్కా తొడుగుకొని, చంకల బిగువింకను సడలని ఆ శుభకాలమున, వర్జీనియా పడమటి కొండల కనుమ క్రింద, కెజియా అను వితంతువు నడుపు పూటకూళ్ళ సత్రమునకు, లవణవాణిజ్యధురంధరుడు, మేకుల పీపాలమ్ము మహారథి జెఫ్తా మెక్‌క్లంగ్ విచ్చేసి, గడపలోనే నిశ్చేష్టుడయ్యెను. తన కుర్చీలో పరుడొకడు కూర్చుండెను!

అది సామాన్యాసనమా? కిటికీ ప్రక్కది. కనుమ దిగు బండి ముందు కనబడునది అందున్నవానికే. ముందు చూచినవానిదే బేరము. తక్కినవారికి మిగులునది అసూయ. ఆనాడే ఉప్పుబండి రావలసియున్నది.

"ఎవరమ్మా ఆయన?"

"కేంద్రం వాళ్ళ జడ్జీ, థర్లో గారు. గుర్రమెక్కి ఊరూరా కోర్టు పెడతారంట," అన్నది కెజియా.

జెఫ్తా టోపీ తీసి బల్లపై గొట్టెను. చచ్చువరకు పదవి దిగని జడ్జీలు వద్దని, ఆ రాజ్యాంగమునకు ఎదురుగా ఊరూర గొంతు చించుకొన్నవాడు తానే గదా!

"అయ్యా, అది నా కుర్చీ."

"సత్ప్రవర్తన ఉన్నంతకాలం నన్నెవరూ లేపలేరు నాయనా, జడ్జీలకు రాజ్యాంగమిచ్చిన మాట అది."

"అయితే జ్యూరీని పిలవండి. పన్నెండుమందీ ఇక్కడే తాగుతున్నారు!"

"ఎందుకు శ్రమ? జరిగిందేమిటో, చట్టమేమిటో రెండూ నేనే తేలుస్తా."

జెఫ్తా బల్లమీదికి లంఘించి సింహనాదము చేసెను: "విన్నారా, కనుమవాసులారా! నేడు కుర్చీ, రేపు బల్ల, ఎల్లుండి మన పొయ్యి! ఇంగ్లండు రాజునే సముద్రం దాటించాం, ఈయన్ని కిటికీ దాటించలేమా?"

"అద్దం పగిలితే నీ తోలు తీస్తా. దిగు!" అన్నది కెజియా.

అంతలో కనుమపై గుర్రపు గంటలు మ్రోగెను. తాగుచున్న వర్తకులందరి చెవులు నిక్కెను. కుర్చీ లేనిచో ఉప్పు లేదు! జెఫ్తా కన్నులు మూసి, ఆత్మను మ్రింగి, గ్లాసెత్తెను.

"రాజ్యాంగానికి!"

సత్రము దిగ్భ్రమ చెందెను. ఆ సీమలో ఎవరి పేర గ్లాసెత్తినను నిలబడియే త్రాగవలెను, కూర్చున్నచో అవమానము. రాజ్యాంగము కూడు తిను జడ్జీ ఏమి చేయును? మూలుగుచు లేచెను. లేచిన క్షణమున, కోడిపిల్లపై గ్రద్దవోలె, జెఫ్తా కుర్చీపై వ్రాలెను.

థర్లో మెల్లగా నవ్వి తన గ్లాసెత్తెను. "రాష్ట్రాల హక్కులకు!"

అందరును లేచిరి, ఒక్కడు తప్ప.

"లేవరా జెఫ్తా, పొద్దస్తమానం నువ్వు వాగేది అదేగా!" అని అరచెనొక వర్తకుడు.

"హక్కులకు నా దండం. కూర్చునే తాగుతా. సత్ప్రవర్తన ఉన్నంతకాలం నన్నెవరూ లేపలేరు. జడ్జీగారి తీర్పే!"

అని కిటికీ తెరచి, ఆసనము వీడకయే, వీధిలోని బండివానితో బేరమాడి ఉప్పంతయు కొనెను.

ఇట్లు ప్రజాస్వాతంత్ర్యము ఒక కుర్చీ మేర రక్షింపబడెను. సాయంత్రము చీపురుతో వచ్చిన కెజియా లెమ్మన్నను వీరుడు లేవలేదు, కాళ్ళు మాత్రమెత్తెను.

జయము! జయము!