అంతరిక్షంలో ఎగిరిన జుట్టు

అంతరిక్షంలో గాలి లేదన్న పుకారును మా ఊరి అభిమాన సంఘం ఏకగ్రీవంగా ఖండించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

పుకారు లేవదీసింది హైస్కూలు సైన్సు మాస్టారు. ఆదివారం మ్యాట్నీలో హీరో అంతరిక్ష నౌక కిటికీ తెరిచి, తల బయటపెట్టి, శత్రువుకు వేలు చూపించాడు. జుట్టు రెపరెపలాడింది. హాలంతా ఈలలు. మాస్టారు మాత్రం పక్క సీటాయనతో, "గాలే లేనిచోట జుట్టెలా ఎగిరిందండీ?" అన్నారు. పక్క సీటాయన సంఘాధ్యక్షుడు కావడం ఆయన ఖర్మ.

అధ్యక్షుడిది కళ్లజోళ్ల దుకాణం. ఆ సాయంత్రమే అక్కడ అత్యవసర సమావేశం జరిగింది. ఎలక్ట్రీషియన్ లేచి, నౌకలోని గాలి హీరోగారిని వదిలి ఉండలేక వెంట వచ్చిందన్నాడు. ఎగరేసింది గాలి కాదు, ఆవేశం అన్నాడు బట్టలకొట్టు గుమాస్తా. క్షౌరశాల యజమాని గంభీరంగా, "ముప్ఫయ్యేళ్లుగా తలలు చూస్తున్నా. ఆ జుట్టుకి గాలితో పనిలేదు" అన్నాడు. దీన్ని నిపుణుల నివేదికగా నమోదు చేశారు. మూడూ ఒకదానికొకటి పొసగవు కనుక, ఎవరినీ నొప్పించకుండా మూడింటినీ ఆమోదించారు.

మా ఊళ్లో జరిగిన ఆ సినిమా విజయోత్సవానికి దర్శకుడే స్వయంగా వచ్చాడు. మాస్టారు ఊరుకోకుండా లేచి అదే ప్రశ్న వేశారు.

"అయ్యో, అది మా పొరపాటేనండీ. ఉక్కపోస్తోందని పెట్టిన ఫ్యాను ఆపడం మర్చిపోయాం" అన్నాడు దర్శకుడు నవ్వుతూ.

సభ బిక్కచచ్చిపోయింది. అధ్యక్షుడు మైకు లాక్కున్నాడు.

"సోదరులారా! తీసినంతమాత్రాన సినిమా అర్థమైపోదు. ఈయన ఒక్కసారి తీశారు. మనం పద్నాలుగుసార్లు చూశాం!"

చప్పట్లు ఆగలేదు. దర్శకుడు గుమ్మంవైపు ఓసారి చూసుకుని, తన అజ్ఞానానికి క్షమాపణ చెప్పాడు.

మర్నాడు హెడ్మాస్టరమ్మ మాస్టారిని పిలిపించారు. బల్లమీద నాలుగొందల సంతకాల అర్జీ.

"మిమ్మల్ని తీసేయమంటున్నారండీ. రిటైరవడానికి రెండేళ్లే ఉంది. అక్కడ గాలి ఉంటే మనకేం, లేకపోతే మనకేం?"

మాస్టారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా గాలి లేదనే చెబుతూ వచ్చిన మనిషి.

పరీక్షలో "అంతరిక్షంలో గాలి ఉండునా?" అన్న ప్రశ్నే వచ్చింది. నలభై మంది పిల్లలు "హీరోను బట్టి ఉండును" అని రాశారు. మాస్టారు కళ్లు మూసుకుని నలభై మందికీ పూర్తి మార్కులు వేశారు. ఒక్క పిల్ల మాత్రం "లేదు" అని రాసింది. ఆమెకీ పూర్తి మార్కులే వేశారు.

మర్నాడు ఆ పిల్ల తల్లి వచ్చింది.

"మార్కులు సరే మాస్టారూ. అందరికీ ఒక సైన్సు, మా పిల్లకొక్కదానికే వేరే సైన్సా? రేపు దీన్ని నలుగురూ ఏమంటారు?"

మాస్టారు పేపరు తీసి, ఆ పిల్లచేతనే "లేదు" కొట్టేయించి, "ఉండును" అని రాయించారు.

రాస్తూ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. అవి ఆనందబాష్పాలని సంఘం వివరణ ఇచ్చింది. మనమంతా ఒప్పుకున్నాం.