వదిన శాతం, ఆడపడుచు శాతం

మనిషి బంతిని బుట్టలో వేయడం నేర్చుకున్నది సంతోషం కోసమేనని మనమంతా ఇన్నాళ్లూ పొరబడ్డాం. అది శాతం కోసమేనని బాస్కెట్‌బాల్ తారల తులనాత్మక విభాగం అధికారికంగా ధ్రువీకరించింది.

జాతీయ జట్టులో ఒకే ఒక్క చోటు ఖాళీ అయింది. దానికి ఒకే క్లబ్బు నుంచి ఇద్దరు తారలు పోటీ. ఖర్మకొద్దీ వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో వదినా ఆడపడుచులు. వదినకు వయసు మీదపడుతోంది, ఈసారి తప్పితే ఇక అంతే. ఆడపడుచుకు బంతి పట్టుకోవడం నేర్పిందీ ఆవిడే (ఈ సంగతికి విభాగం దగ్గర మార్కుల్లేవు).

మొదట మ్యాచ్‌కి సగటున ఎన్ని పాయింట్లో చూశారు. వదిన ముందుంది. ఆవిడ ఊపిరి పీల్చుకునేలోపే విభాగాధికారి గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కువ వేస్తే ఎక్కువ పడతాయమ్మా, అందులో మీ గొప్పేముంది? వేసినవాటిలో ఎన్ని పడ్డాయో చూడాలి."

అలా చూస్తే ఆడపడుచు ముందుంది. ఆ పూట వదినకు ముద్ద దిగలేదు. మర్నాడు దూరం నుంచి వేసినవాటికి విలువ పెంచితే వదిన, మీదపడుతున్నవాళ్లను తప్పించుకుని వేసినవాటికి పెంచితే ఆడపడుచు. ఇలా దశాంశాల దాకా దించి చూడగా చివరికి ఇద్దరూ సరిసమానంగా తేలారు. ఎవరు గొప్పో తేల్చడంలో ఇది ఘనమైన ముందడుగని విభాగం ప్రకటించింది.

"మీ క్లబ్బు ఆడే ఫైనల్లో తేలుద్దాం," అన్నాడు అధికారి. "బాధ్యత పెంచడానికి ఓ చిన్న నిబంధన పెట్టాం. ఆ రోజు మిస్సయిన ఒక్కో షాటూ మూడు మిస్సుల కింద లెక్క."

"మరి పడితే?" అడిగింది వదిన.

"అది మీ డ్యూటీయే కదమ్మా."

ఫైనల్లో ఇద్దరూ చెమటోడ్చారు. పరుగెత్తారు, బంతి లాక్కున్నారు, పక్కవాళ్లకు అందించారు. బుట్ట వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. పాయింట్లన్నీ తక్కిన ముగ్గురూ తెచ్చినవే. ఆఖరి క్షణాల్లో జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉండగా బంతి వదిన చేతికొచ్చింది. ఎదురుగా బుట్ట. అడ్డం ఎవరూ లేరు (ఈవిడ వేయదని అవతలి జట్టుకూ అర్థమైపోయింది). నిద్రలో లేపి వేయమన్నా వేసే షాటు. అయినా వదినకు మూడు మిస్సుల లెక్క గుర్తొచ్చింది. పోతే?

"నువ్వెయ్యవే!" అని ఆడపడుచుకు విసిరింది.

"అమ్మో, పెద్దదానివి! నువ్వెయ్ వదినా!"

"చిన్నదానివి, నీకే ఛాన్సివ్వాలి! వెయ్యి!"

బంతి మళ్లీ తిరిగొచ్చేలోగా బజర్ మోగింది. కప్పు అవతలివాళ్లు ఎత్తుకుపోయారు. ఆ ఇంటి అన్యోన్యత చూసి ప్రేక్షకుల్లో కొందరు కళ్లు తుడుచుకున్నారు. అత్తగారు మాత్రం కోర్టులోకే దిగి వచ్చింది.

"టీవీ రిమోట్ దగ్గర ఈ మర్యాద ఏమవుతుందే మీ ఇద్దరికీ?"

వదినకు తల కొట్టేసినట్టయింది. బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది.

"వేసుంటే పడేదే."

"నాదీ పడేదే వదినా," అంటూ ఆడపడుచు పక్కన చేరింది.

ఇద్దరి శాతాలూ చెక్కుచెదరలేదు. సమానుల్లో ఒకరిని ఎంచడం రెండోవారికి అన్యాయం కనుక విభాగం ఇద్దరినీ పక్కనపెట్టింది. ఆ ఖాళీ చోటుకు విదేశీ టోర్నమెంటు టికెట్టు అప్పటికే కొనేశారు కనుక, అది వృథా కాకుండా అధికారే వెళ్లొచ్చాడు. జట్టు చొక్కా ఆయనకు పొట్ట దగ్గర కాస్త బిగుతైందట.

టోర్నమెంటు మొత్తంలో ఆయన ఒక్క షాటు కూడా మిస్ చేయలేదు.